ఎడమ చేతి నాడి

త్రిపురసుందరి కల్వంలో శొంఠి నూరుతుంటే వీధి అరుగు మీద నుంచి భర్త కేక వినిపించింది.

"ఏమే, ఆడ రోగి వచ్చింది. చెయ్యి కడుక్కుని రా."

శొంఠి ఘాటు ఒకసారి కడిగితే పోయేది కాదు. పదేళ్ళుగా ఆమె చేతులకు ఏదో ఒక మందు వాసన ఉంటూనే ఉంది. మందులు నూరేది ఆమె, బట్టలో జల్లించేది ఆమె, మాత్రలు చుట్టి చాటలో ఎండబెట్టి కాకులు రాకుండా కాపలా కాసేదీ ఆమే. సీసా మీది చీటీలో మాత్రం భర్త అనంతపద్మనాభం గారి పేరుంటుంది. ఆడవాళ్ళ నాడి చూసేదీ ఆమే. పరాయి ఆడదాని చెయ్యి పట్టుకోవడం మర్యాద కాదని మామగారు నడవకు అడ్డంగా ఒక తెర కట్టించారు. మగవాళ్ళకు కుడి చేతి నాడి చూడాలి, ఆడవాళ్ళకు ఎడమ చేతి నాడి. తెర వెనక ఆ ఎడమ చెయ్యి పట్టుకుని, సెకండ్ల ముల్లున్న గడియారం చూస్తూ ఆమె లెక్కపెడుతుంది. తెర అవతల నుంచి ఆయన "ఎన్ని?" అంటాడు. ఆమె అంకె చెబుతుంది. అక్కడితో ఆమె పని అయిపోతుంది. జబ్బు పేరు, మందు పేరు, పథ్యం అన్నీ ఆయన నోటి నుంచే వస్తాయి. వైద్యులుగారి హస్తవాసి గొప్పదని నౌపడ నుంచి కూడా జనం వస్తారు. అది ఎవరి హస్తమో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆయన లెక్క ఒక్కటే. ఆరోగ్యవంతుడి నాడి నిమిషానికి డెబ్భై. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు ఆయన చెయ్యే ఆయన చేత పట్టించి నేర్పిన లెక్క అది. దానికి మించితే "గుండె బలం తక్కువ" అంటాడు. ఆమె మాత్రం వందల చేతులు పట్టుకుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఇద్దరు తమ్ముళ్ళనూ కూర్చోబెట్టి చూస్తే అరవై ఎనిమిది, డెబ్భై ఒకటి. వాళ్ళ పెళ్ళాలవి చూస్తే ఎనభై, ఎనభై మూడు. నలుగురూ రాయిలా ఉన్నవాళ్ళే. మధ్యాహ్నం కునుకు తీస్తున్న మొగుడి చెయ్యి పట్టుకుని చూస్తే డెబ్భై, తన చెయ్యి చూసుకుంటే ఎనభై. మొదట భయపడింది. తరవాత ఒకరోజు గాబులోకి నీళ్ళు తోడుతుంటే తట్టింది. పెద్ద బిందెతో పది సార్లు పోస్తే నిండే గాబును చిన్న చెంబుతో నింపాలంటే ఎక్కువ సార్లు ముంచాలి. ఎవరి పిడికిలంత వాళ్ళ గుండె అని మామగారే అనేవారు. మొగుడి పిడికిలి పక్కన తన పిడికిలి పెట్టి చూసుకుంది, తనది చిన్నది. ఆడవాళ్ళ గుండె బలం లేనిది కాదు. ఎక్కువ సార్లు ముంచుతోంది, అంతే. ఈ మాట మొగుడితో అంటే, "వంటింట్లో శాస్త్రాలు పుట్టవే" అని నవ్వేశాడు.

ఆ నవ్వు ఆమె మరిచిపోయేదే. కాని పోయిన ఏడు నారాయణమ్మ అనే పిల్ల చెయ్యి పట్టుకుని తను "తొంభై" అంది. ఆయన "గుండె జబ్బు, సంసారానికి పనికిరాదు" అన్నాడు. నెల తిరక్కుండా ఆ పిల్లను పుట్టింటికి పంపి, మొగుడికి ఇంకో పిల్లను కట్టబెట్టారు. ఇప్పుడా నారాయణమ్మ నౌపడ ఉప్పు కొఠార్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉప్పు తట్టలు మోస్తోందని విన్నది. సంసారం మొయ్యలేని గుండె తడి ఉప్పును ఎలా మోస్తోంది? ఆ అంకె చెప్పిన నోరు తనదే.

చెయ్యి తుడుచుకుని తెర వెనక్కి వచ్చేసరికి చాప మీద పంతొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె. తెర అవతల ఆ పిల్ల అత్త జగ్గమ్మ గొంతు గట్టిగా వినిపిస్తోంది.

"మూడుసార్లు పడిపోయినాది బాబూ. పొయ్యికాడోపాలి, ఊడుపులకాడ రెండోపాలి, మొన్న నీళ్ళబిందెతోటి. బిందె సొట్టపోనాది. మాది యెగసాయం ఇల్లు. పడిపోయే కోడలితోటి ఏటి సేస్తాం? తమరు ఒక్క మాట సెప్పీసినారంటే, ఇటునుంచి ఇటే సిన్న రైలెక్కించి పాతపట్నంలో దాని పుట్టింటికాడ దింపీసి వచ్చేత్తాం. మావోడికి మా తమ్ముడి కూతురుంది."

"రాముడూ, నువ్వేమంటావు?" అన్నాడు అనంతపద్మనాభం.

"అమ్మ ఎలాగంటే అలాగేనండి" అన్నాడు ఆ పిల్ల మొగుడు.

పెట్టె ఎందుకు వచ్చిందో త్రిపురసుందరికి అర్థమైంది. పిల్ల చెయ్యి అందుకుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేళ్ళు చన్నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. నాడి తొంభై రెండు.

"నీ పేరేమిటే?" అంది మెల్లగా.

"తాయారండి."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"రైలు టైమైపోతాదని ఏటీ తిన్నేదండి."

"నిన్న?"

"మాపు తిన్నానండి, అందరి తరవాతా. కూర అయిపోయినాది. గంజితోటి తిన్నాను."

"ఎన్ని?" అన్నాడు తెర అవతల నుంచి మొగుడు.

ఆమె లేచింది. లోపలికి వెళ్ళి చెంబుడు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి తెచ్చి ఇచ్చింది. తాయారు ఆపకుండా తాగేసింది. చాప మీద పడుకోబెట్టి కాసేపు ఆగి చూస్తే ఎనభై రెండు. "లేచి నిలబడు" అని, నిలబడ్డాక చూస్తే నూట పన్నెండు. పిల్ల పెదవులు పాలిపోయాయి. భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఎన్నే? వాళ్ళకు రైలు టైమవుతోంది!"

మామూలుగా అయితే ఒక అంకె చెప్పి, లేచి, శొంఠి దగ్గరికి పోవలసిన సమయం. ఏ అంకె చెప్పినా ఆయన దాన్ని డెబ్భై పక్కన పెట్టి చూస్తాడు. ఈ పిల్ల రైలెక్కుతుంది. ఇన్నాళ్ళూ తను నిజమే చెప్పింది, సగం దగ్గర ఆగిపోయింది. ఆపిన మనిషిని తలుచుకుంటే కోపం కూడా రాలేదు. ఆగిపోయిన తన మీదే విసుగేసింది. గడియారం చేత్తో పట్టుకుని, తెర పక్కకు తోసి, అరుగు మీదకు వచ్చింది.

"దీని గుండెకేమీ జబ్బు లేదు" అంది.

అనంతపద్మనాభం ముఖం ఎర్రబడింది. "నిన్ను లెక్క అడిగాను. తీర్పు అడగలేదు."

"లెక్కే చెబుతున్నానండీ. జగ్గమ్మా, నీ ఎడమ చెయ్యి ఇలా ఇయ్యి."

జగ్గమ్మ కంగారుగా మగవాళ్ళిద్దరి వంకా చూసి చెయ్యి చాపింది. త్రిపురసుందరి నిమిషం లెక్కపెట్టి "ఎనభై నాలుగు" అంది. "ఏమండీ, మీరా అబ్బాయిది చూడండి."

అందరి ముందూ చూడనంటే బాగుండదు. ఆయన రాముడి కుడి చెయ్యి పట్టుకున్నాడు. "డెబ్భై రెండు" అన్నాడు చివరికి.

"అయితే నాదీ గుండె జబ్బేనేటి?" అంది జగ్గమ్మ, కళ్ళు పెద్దవి చేసి. "అయిదుగుర్ని కన్నాను! మూడెకరాలు ఊడ్సినాను!"

"నీది జబ్బూ కాదు, దానిది జబ్బూ కాదు. ఆడవాళ్ళ నాడి మగవాళ్ళ కంటే పది ఎక్కువే కొడుతుంది. మనం పుట్టడమే అలా పుట్టాం. ఇంకో సంగతి. మనిషి నిలబడగానే నెత్తురు కాళ్ళలోకి దిగుతుంది. దాన్ని పైకి తోడుకోవడం మగవాడికి కొంచెం తేలిక, ఆడదానికి కొంచెం కష్టం. కడుపులో తిండీ నీళ్ళూ ఉంటే ఆ కష్టం తెలియదు. ఉత్త కడుపుతో పొయ్యి దగ్గర, ఎండలో నిలబెడితే కళ్ళు తిరుగుతాయి. రాముడూ, పొద్దున్న ఏం తిన్నావు?"

"సద్దన్నం, ఉల్లిపాయ. ముంతెడు అంబలి."

"తాయారు?"

రాముడు తల వంచుకున్నాడు.

"కోడలు ముందర తినీసి కూకుంటే ఊర్లో ఏటంటారమ్మా?" అంది జగ్గమ్మ. కాని గొంతులో ఇందాకటి బిగువు లేదు. కాసేపు తన మణికట్టునే చూసుకుంది. "నానూ పడిపోయేదాన్ని. నూతికాడ. ఏసాలేస్తున్నానని మా అత్త సీపురుతోటి కొట్టీది. అప్పుడు నాకేటి జబ్బో నాకు తెలిసింది కాదు."

"ఆకలి" అంది త్రిపురసుందరి.

జగ్గమ్మ తలెత్తి తెర వైపు చూసింది. తరవాత చిన్న రైలు కూత దూరంగా వినిపిస్తే కొడుకు లేవబోయాడు. "ఎక్కడికిరా? కూకో" అని గదిమింది. "పెట్టె నువ్వు మొయ్యి. ఇంటికెళ్దాం. ఒసే తాయారూ, దార్లో పెసరట్లమ్మే కొట్టుకాడ ఆగుదాం, నీకు నచ్చినన్ని తిను. మా తమ్ముడికి నాను సెప్పుకుంటాను."

తెర చాటు నుంచి తాయారు వచ్చింది. త్రిపురసుందరి కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె ఆపింది. "వంగి లేస్తే మళ్ళీ కళ్ళు తిరుగుతాయే" అంటే ఆ పిల్ల మొదటిసారి నవ్వింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక అనంతపద్మనాభం అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"నారాయణమ్మ పరువు మనిద్దరం కలిసి తీశాం. దాని ఊరు వెళ్ళి, మేం చెప్పింది తప్పని వాళ్ళ పెద్దలతో చెప్పి వస్తాను. మీరు వస్తే మంచిది. రాకపోయినా వెళ్తాను."

"మరి రేపు ఆడవాళ్ళు వస్తే? మా ఆవిడే వైద్యురాలని చెప్పుకోమంటావా?"

"మీరేం చెప్పక్కర్లేదండీ. నేనే చెప్పుకుంటాను."

ఆయన విసురుగా లేచి పెరట్లోకి వెళ్ళాడు. నూతి దగ్గర చాలాసేపు నీళ్ళు పోసుకున్న చప్పుడు అయింది. మడి కట్టుకుని వంటింట్లోకి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఒక పీట వేసి ఉంది, ముందు విస్తరి ఉంది, నీళ్ళ చెంబు ఉంది. ఎదురుగా రెండో పీట మీద త్రిపురసుందరి కూర్చుని, అప్పటికే చారు అన్నంలోకి వచ్చింది.

ఆమె లేవలేదు. నోట్లో ముద్ద మింగి, "కూర్చోండి. నాది అయ్యాక వడ్డిస్తాను" అంది.