నొక్కని చేతులు

గుండె ఆగినవాళ్లను బతికించడం నేర్పే శిబిరం కమలాపురం కల్యాణమండపంలో పెట్టించింది మా భూపేషన్నే. ఆయనకు పదవి కావాలి మరి. నేను ఓబులేసును, ఆయన కారు డ్రైవర్ని.

కడప నుంచి వచ్చిన నర్సు సాహితి ప్లాస్టిక్ బొమ్మను చాప మీద పడుకోబెట్టిందో లేదో, మనవాళ్లు దానికి శాలువా కప్పేశారు. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి, "రొమ్ము మధ్య రెండు చేతులూ పెట్టి, గట్టిగా, వేగంగా నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు" అని చెప్పింది.

పెద్దమనుషులు హోదా ప్రకారం వచ్చారు. చేతులు పెట్టారు, తల ఎత్తారు, ఫొటో దిగారు, సర్టిఫికెట్టు తీసుకుని బిర్యానీకి పోయారు.

"నొక్కండి సార్!" అంది సాహితి.

"నొక్కితే ఫొటో కదుల్తాదమ్మా" అన్నాడు అన్న.

గట్టిగా నొక్కింది ఒక్క మద్దమ్మే. అన్న ఇంట్లో పనిచేసే మనిషి, ఖాళీ కుర్చీలు నింపడానికి తీసుకొచ్చాం. ఆమె చెమటలు కక్కుతుంటే అందరం నవ్వాం.

పది రోజుల తర్వాత, పొద్దున కాఫీ తాగుతూ అన్న తండ్రి పుల్లయ్య వసారాలో కూలిపోయాడు. ఊపిరి లేదు. చుట్టూ అందరమూ సర్టిఫికెట్టు ఉన్న మేధావులమే. ఒకడు నీళ్లు చల్లాడు. నేను ఫిట్స్ అనుకుని కారు తాళాలు పెద్దాయన గుప్పిట్లో పెట్టాను. సిగ్గులేని బతుకు నాది.

అన్న మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి రొమ్ము మీద రెండు చేతులూ నేర్పినట్టే పెట్టాడు. తల ఎత్తాడు. అంతే, అట్లాగే ఉండిపోయాడు. ఎప్పుడూ వెంట తిరిగే ఫొటోగ్రాఫరు కూడా అలవాటు కొద్దీ క్లిక్కుమనిపించాడు.

"పక్కకు జరుగు సామీ! ఎవురన్నా అంబులెన్సుకు ఫోన్ జెయ్యండి!" మద్దమ్మ అన్నను తోసేసి నొక్కడం మొదలుపెట్టింది. లోపల ఏదో పటుక్కుమంది.

"ఏం జేస్తాండావే? ఎముకలు ఇరుగుతాండాయి!" అని అరిచాడు అన్న.

"ఇరగనీ. బతికితే అతుక్కుంటాయిలే."

అంబులెన్సు వచ్చేదాకా ఆమె ఆపలేదు. పెద్దాయన బతికాడు.

రెండు వారాలకు అన్నా నేనూ ఆయన్ను ఆసుపత్రి నుంచి కార్లో తీసుకొస్తుంటే కూడలిలో కొత్త ఫ్లెక్సీ కనిపించింది. 'తండ్రికి ప్రాణం పోసిన తనయుడు'. ఆ రోజు ఫొటోనే. అందులో మద్దమ్మ యాడా లేదు.

పెద్దాయన కారు ఆపమన్నాడు. విరిగిన పక్కటెముక పట్టుకుని ఫ్లెక్సీ కేసి చూశాడు.

"రేయ్ భూపేషా, ఈ ఫొటో తీసేంతసేపూ నాకు ఊపిరి లేదు గదరా?"