బిళ్ళ మందు కాదు

పొద్దున్న ఏడింటికి షట్టరు ఎత్తగానే రక్తపరీక్షల గదిలో గోల మొదలవుతుంది. మనుషులది కాదు, వాళ్ళు బెంచీల మీద కూర్చుని ఆవులిస్తుంటారు. గోలంతా గొట్టాలది. అప్పుడే తీసిన రక్తం గడ్డకట్టేదాకా, అంటే ఓ అరగంట సేపు, ఎవరిది వాళ్ళ గొంతుతోనే మాట్లాడుతుంది. "పరగడుపునే వచ్చానన్నాడు గానీ రెండు బిస్కట్లు మింగాడు" అని ఒకటి, "అబ్బ, ఎంత గట్టిగా గుచ్చారో" అని ఇంకొకటి. రక్తం మాట మాత్రం రిపోర్టులోకి ఎక్కకూడదని అక్కడి రూలు. యంత్రం అచ్చువేసి ఇచ్చిందే ఖాయం.

పాతికేళ్ళుగా అక్కడ రక్తం తీస్తున్నావిడను అందరూ సూదక్క అంటారు. ఎంత దొరకని నరమైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంటుంది. నోరు ఆ సూది కన్నా పదును.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది క్రేన్ నడిపే మనిషి. అవతలి వీధిలో లేస్తున్న పదహారంతస్తుల భవనం పైన, గాల్లో వేలాడే అద్దాల గదిలో కూర్చుని ఇనప దూలాలు ఎత్తి దించడం ఆమె పని. పదకొండేళ్ళలో ఒక్క దూలమూ జారలేదు. అయినా కంపెనీ డాక్టరు రెండు రిపోర్టులు చూసి, థైరాయిడ్ హద్దు మీరి పనిచేస్తోందని తేల్చాడు. గుండెదడ, చేతివణుకు తెచ్చే జబ్బట. మూడోసారీ అదే వస్తే ఇక జన్మలో క్రేన్ ఎక్కనివ్వరు. గోడౌన్లో మేకుల డబ్బాలు సర్దుకుంటూ బతకాలి.

"నిద్ర పడుతోందా?" అంది సూదక్క, చేతికి రబ్బరు పట్టీ బిగిస్తూ.

"మొద్దులా పడుకుంటున్నా."

"బరువు తగ్గావా?"

"తగ్గితే అంతకన్నానా అక్కా!"

"మందులేమైనా ఉన్నాయా?"

"మందా? ఆ అలవాటు మా ఆయనకే లేదు, నాకెక్కడిది!"

"తాగేది కాదు తల్లీ, మింగేది."

"మందూ లేదు, మాకూ లేదు. తుమ్మినా దగ్గినా డాక్టరు గడప తొక్కే రకం కాదు నేను."

సూదక్క ఫారంలో 'లేవు' అని రాసింది. గొట్టం నిండింది. స్టాండులో పెట్టబోతుంటే రక్తం ఆ మనిషి గొంతుతోనే, ఇంకాస్త పొగరుగా, "బిళ్ళ వేసుకున్నా తప్పేనా?" అంది.

సూదక్క చెయ్యి ఆగిపోయింది. "ఏం బిళ్ళే?"

"జుట్టు బిళ్ళ. మందు ఉందా అన్నావు, లేదన్నాను. బిళ్ళ ఉందా అని అడిగావా?"

సూదక్క తలెత్తి కుర్చీలోని మనిషిని చూసింది. ఆమె సిగ్గుపడుతూ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. "హెల్మెట్ పెట్టీ పెట్టీ జుట్టంతా ఊడిపోతోందక్కా. అందుకని రోజుకొకటి వేసుకుంటున్నా. ఇవాళా వేసుకునే వచ్చా. ఇది మందెలా అవుతుంది? కొట్లో సబ్బుల పక్కన పెట్టి అమ్ముతారు."

డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు. బయోటిన్ అనే విటమిన్, పదివేల మైక్రోగ్రాములు. సూదక్కకి ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, తన మీదే. పోయిన రెండుసార్లూ ఈ రక్తం ఏదో గొణిగింది. పని తొందరలో తనే వినిపించుకోలేదు.

కంపెనీ డాక్టరు రిపోర్టు కోసం పక్క గదిలోనే కూర్చుని ఉన్నాడు. సూదక్క ఒక చేతిలో గొట్టం, ఒక చేతిలో డబ్బా పట్టుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఈ రక్తం యంత్రంలో పెట్టను సార్."

"పెట్టడం మీ పని. యంత్రం అబద్ధం చెప్పదు."

"చెప్పదు. మోసపోతుంది. హార్మోన్లను పట్టుకోడానికి ఈ యంత్రంలో బయోటిన్ అతుక్కునే జిగురు వాడతారు. రక్తమే బయోటిన్‌తో నిండిపోతే జిగురంతా దానికే సరిపోతుంది. పైకి లేవాల్సిన అంకె పడిపోతుంది, పడాల్సింది లేస్తుంది. జబ్బు కాగితం మీదే, ఒంట్లో లేదు."

"రెండు రిపోర్టులూ ఒకేలా ఉన్నాయిగా!"

"ఒకే తప్పు రెండుసార్లు చేస్తే ఒప్పవుతుందా?"

"రక్తం మాట రికార్డుకెక్కదు, తెలుసుగా?"

"డబ్బా మాట ఎక్కుతుందిగా సార్." సూదక్క ఫారంలో 'లేవు' కొట్టేసి, 'జుట్టు బిళ్ళ వాడుతోంది, ఈ రక్తం పరీక్షకు పనికిరాదు' అని రాసి, కింద బరబరా సంతకం పెట్టింది. "నన్ను పీకేస్తే పీకెయ్యండి. ఈ అబద్ధం మాత్రం మూడోసారి నా చేతుల మీదుగా పోదు."

ఆమె పిడికిట్లో గొట్టం, "దిగను. నేను క్రేన్ దిగను" అంటోంది. డాక్టరు డబ్బా అందుకుని దాని మీది అక్షరాలు చదివాడు. "మూడు రోజులు ఆపి మళ్ళీ తీయండి," అన్నాడు.

మూడు రోజులు బిళ్ళ మానేసి, నాలుగో రోజు పొద్దున్నే వచ్చింది క్రేన్ మనిషి. యంత్రం గరగరమంటూ కాగితం కక్కింది. అంకెలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివి, సంతకానికి పెన్ను తీశాడు. "నీ అదృష్టం బాగుందమ్మా."

"అదృష్టం కాదు సార్." ఆమె కుర్చీలోంచి లేవలేదు. "నాలుగుసార్లు నా రక్తం అడిగారు. నా చేతులు వణుకుతాయని రాశారు, గుండె దడదడలాడుతుందని రాశారు. ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకుని చూశారా?"

చెయ్యి చాపి బల్ల మీదుగా ఆయన ముందు పెట్టింది. ఆయన వెనక్కి జరిగాడు. ఆమె తియ్యలేదు. చివరికి పెన్ను కింద పెట్టి ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఇంకో చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాడు.

"డెబ్బై రెండు," అన్నాడు చిన్నగా. "వణుకు లేదు."

"రాయండి," అంది ఆమె.