తహసీల్దారుగారి గుర్రం

నేను ఒక క్లిప్పును. తలలో పెట్టుకునే రకం కాదు, తీగ మీద ఆరేసిన బట్టలు గాలికి పోకుండా పట్టుకునే రకం. ఇంతోటి దానికి ఆత్మకథ కూడానా అని మీరు ముఖం చిట్లించవచ్చు. చిట్లించండి, నాకేమీ కొత్త కాదు. నా ఉద్యోగమంతా అలాంటి ముఖాలు చూడటంతోనే గడిచింది.

పూర్వజన్మలో నేనొక పగిలిన బకెట్టునట. ఆ బకెట్టునీ దాని తోడి మగ్గునీ కలిపి కరిగించి, అచ్చులో పోసి, నడుముకి ఒక స్ప్రింగు తగిలించారు. కళ్లు తెరిచీ తెరవగానే కరవడం వచ్చిన జాతి మాది. మమ్మల్ని డజను చొప్పున అట్టకి గుచ్చి సామర్లకోట సంతలో వేలాడదీస్తే, భ్రమరాంబగారని రిటైరైన తెలుగు టీచరు కొన్నారు. నన్ను తన వేలికే పెట్టుకుని చూసి, "అబ్బా!" అని అరిచి, వేలు విదిలించుకుంటూ "ఏమంత పట్టు లేదయ్యా" అని ధర తగ్గించారు. ఆవిడ తీరు అప్పుడే నాకు అర్థమైంది.

కొన్నాళ్లు ఆవిడ దుప్పట్లు మోశాను. ఒక ఆదివారం మాలో గుప్పెడుమందిని సంచిలో వేసుకుని ఆవిడ గ్రంథాలయం మేడ మీదికి తీసుకెళ్లారు. అక్కడ బొమ్మలు వేసేవాళ్లు కొందరు వారం వారం చేరతారు. ఏదో ఒక పాత కథ అనుకుని, అందులో నచ్చిన ఘట్టాన్ని ఎవరికి వారు ఇంటి దగ్గర గీసి తెస్తారు. కిటికీ ఊచ నుంచి బీరువా పిడికి తాడు కట్టి, బొమ్మల్ని వరసగా తగిలించి, ఒక్కొక్కదాని కింద పేరు చీటీ అంటిస్తారు. తరవాత అందరూ కలిసి ఒక్కొక్క బొమ్మనీ చీల్చి చెండాడతారు. వేసినవాళ్లు మాత్రం అందరి మాటలూ అయ్యేదాకా కిక్కురుమనకూడదు. అది అక్కడి కట్టుబాటు.

తమాషా ఏమిటంటే, నేను కరిచి పట్టుకున్న బొమ్మ నాకు కనబడదు. నా చూపంతా జనం వైపే. అందుకని ముఖాలను బట్టి బొమ్మ ఎలా ఉందో ఊహించుకోవడం నేర్చుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, ప్రతివాళ్లూ తమ బొమ్మే గొప్పదనే ధీమాతో మెట్లెక్కి వస్తారు. పక్కవాళ్ల రాణిగారికి మెల్లకన్ను పడితే పడీపడీ నవ్వుతారు. తమ వంతు రాగానే చెవులు ఎర్రబడి, కిటికీలోంచి రైలుకట్ట కేసి చూస్తూ నిలబడతారు. పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే గిరిజకి అందరికన్నా ఎక్కువ చివాట్లు పడేవి. ఆ పిల్ల పాపం ఏది వేసినా జిరాక్సు షాపు నూకరాజు ముందుకొచ్చి, "వేళ్లు లెక్కెట్టండి" అనేవాడు. ఒకటి ఎక్కువో తక్కువో ఉండేది.

చివాట్లు పడనివారు ఒక్కరే. రిటైరైన తహసీల్దారు సర్వారాయుడుగారు. ఆయన బొమ్మ తగిలించగానే గదిలో ముఖాలన్నీ ఒక్కసారి మారిపోయేవి. పొట్ట బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటూనే, అర్జీ పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడ్డవాళ్లలా అయిపోయేవారు. "బాగుందండీ" అనేవాడు నూకరాజు. "చాలా బాగుందండీ" అనేది గిరిజ. అంతటి భ్రమరాంబగారు కూడా కళ్లజోడు సర్దుకుని, "కాగితం మంచిది తెచ్చారండీ" అని తప్పుకునేవారు. ఆవిడ ఇంటి పట్టా మీద సంతకం ఆయనదే మరి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

అందరూ బజ్జీలకని కిందికి దిగాక ఆయన ఒక్కరే తన బొమ్మ ముందు నిలబడిపోయేవారు. ఆ ముఖం చూస్తే నాకే జాలేసేది. ఒకరోజు గిరిజ గొడుగు మరిచిపోయి వెనక్కి వస్తే ఆయన పట్టుకున్నారు.

"నిన్నగాక మొన్న చేరినోణ్ణి కూడా తిడతన్నారు. నన్నొక్కణ్ణే వెలేశారమ్మా" అన్నారు.

"అయ్యో, వెలేంటి బాబాయిగారూ! గౌరవమండీ."

"అదేనమ్మా నేను చెప్పేదీ. ఆఫీసులో ఇన్నేళ్లూ అదే తిన్నాను. ఇక్కడికొచ్చింది బొమ్మలెయ్యడం నేర్చుకుందామని."

గిరిజ గొడుగు చంకలో పెట్టుకుంది. "ఒక్క వారం పేరు చీటీలు మార్చేద్దామా? నాకూ ఒక్కసారి బాగుందనిపించుకోవాలని ఉందండీ" అంది. ఆయన చంటిపిల్లాడిలా తలూపారు.

ఆ వారం కథలో రాక్షసుడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంటుంది, దాన్ని ఎత్తుకుపోవడానికి రాజకుమారుడు గుర్రమెక్కి వస్తాడు. గిరిజ పేరుతో ఉన్న ఆయన బొమ్మ నా పాలబడింది. అవతలి క్లిప్పుకి ఆయన పేరుతో గిరిజ బొమ్మ తగిలించారు. దాని ముందు అందరూ ఆగీ ఆగకుండా "బాగుందండీ" అనేసి నా దగ్గరికి వచ్చి పడ్డారు.

"గిరిజా, రాజకుమారుడు మేకనెక్కి వచ్చాడేంటే?" అన్నారు భ్రమరాంబగారు.

"గుర్రమేమోనండీ, జీనుంది" అన్నాడు నూకరాజు. "కానీ ఆ కుర్రోడికి మెడేదండీ? తలకాయని ఎవరో భుజాల మీద ఎట్టేసి ఎళ్లిపోయినట్టుంది."

"ఈ రాక్షసుణ్ణి చూస్తే భయం వెయ్యదు సరికదా, కూర్చోబెట్టి మజ్జిగివ్వాలనిపిస్తోంది" అన్నారు వెనకనుంచి ఇంకెవరో.

సర్వారాయుడుగారి ముఖం చూడాలి మీరు. ఒక్కొక్క మాటా పడుతున్నకొద్దీ వికసించిపోతోంది. మేక అన్నప్పుడు కాస్త కందిన మాట నిజమే గాని, వెంటనే తేరుకున్నారు. గిరిజ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు భ్రమరాంబగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నాకు బాగా దగ్గరగా వచ్చారు.

"ఈ చిలకని మాత్రం చూడండర్రా. పంజరం తలుపు తీసే ఉంది. అయినా ఎగిరిపోవట్లేదు. ఆ రాక్షసుడి కేసే చూస్తోంది. తను పోతే వాడేమైపోతాడో దానికి తెలుసు." ఆవిడ కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నారు. "గిరిజా, ఇన్నాళ్లకి ఒక్కటి వేశావే!"

"అది నేనేసిందండీ!"

సర్వారాయుడుగారు కట్టుబాటు మరిచిపోయి బిగ్గరగా అరిచారు. అరవడమే కాదు, ముందుకు దూకి బొమ్మని తాడు మీదినుంచి ఒక్క లాగు లాగారు. నేను ఎగిరి గచ్చు మీద పడ్డాను. నా కాలొకటి విరిగి బీరువా కిందికి పోయింది. ఆయన బొమ్మని గుండెలకి ఆనించుకుని అందరి కేసీ తిప్పారు. అలా కింద పడి నేను మొదటిసారి ఒక బొమ్మ చూశాను. మేకే. గడ్డం కూడా ఉంది. చిలక మాత్రం నిజంగా చిలకే, దాన్ని చూస్తే నాకు కూడా ఏడుపొచ్చింది.

గదిలో అందరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. మొదట తేరుకున్నవాడు నూకరాజు.

"గుర్రం కూడానండీ... ఇలా పక్కనుంచి చూస్తే... బాగుందండీ."

"నోర్ముయ్యవయ్యా!" అని గర్జించారు తహసీల్దారుగారు. "మేకన్నారు. మేకనే అనండి! ఇప్పుడు మాట మారిస్తే ఊరుకోను!"

భ్రమరాంబగారు ఫక్కున నవ్వారు. ఆవిడ నవ్వితే ఇంకెవరికి భయం? అందరూ ఆయన చుట్టూ మూగి, మెడ ఎలా వెయ్యాలో, మేకకీ గుర్రానికీ తేడా ఎక్కడుందో తలో మాటా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఒకటి ఒప్పుకుంటే రెండింటికి పోట్లాడారు. గిరిజ మధ్యలో దూరి, "మరి నా బొమ్మ ఎవరూ చూళ్లేదండీ" అంది. నూకరాజు అవతలికెళ్లి తీరిగ్గా చూసి, "రాక్షసుడికి ఎడం చేతికి ఆరు వేళ్లు" అన్నాడు. గిరిజ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

గది ఊడ్చేటప్పుడు నన్ను చెత్తతో పాటు ఎత్తి, మేడమెట్ల కింద డబ్బాలో పోశారు. నాకేమీ బాధ లేదు, ఏదో ఒకనాడు మళ్లీ మగ్గునైనా అవుతాను. నా మీద అరటితొక్క ఒకటి పడేలోగా, మెట్ల మీద ధనధనమని అడుగుల చప్పుడు వినబడింది. సర్వారాయుడుగారు ఒక్కొక్క మెట్టూ దిగే ఓపిక లేనట్టు దిగుతున్నారు. రోడ్డు మీదికి చేరకముందే బజ్జీల బండివాడికి కేక పెట్టారు.

"ఒరేయ్ అప్పన్నా! నా గుర్రాన్ని మేకన్నార్రా! నా ముఖమ్మీదే అన్నారు!"