ఒక్క చెయ్యీ లేవని పాఠం

జ్వరం తగ్గి మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక గానీ తన ముక్కు పనిచేయడం లేదని కెమిస్ట్రీ టీచరుకు తెలియలేదు.

పిల్లలు చాటుగా ఆమెను లిట్మస్ టీచర్ అనేవారు. కోపం వస్తే ముఖం ఇట్టే ఎర్రబడిపోయేది, అంతే త్వరగా మామూలైపోయేది కూడా. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉండేది. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆమెకు కాస్త ఇష్టం.

మొదట సబ్బు నాసిరకమనుకుంది. తర్వాత కాఫీపొడి మార్చి చూసింది. ఒక ఉదయం పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే వంటగదిలోంచి పొగ వచ్చింది. పరుగున వెళ్ళి చూస్తే పాలగిన్నె అడుగంటి నల్లగా మాడిపోయి ఉంది. కళ్ళు మండుతున్నాయి గానీ మాడు వాసన మాత్రం లేదు. ఆ రోజు బడికి పెందలాడే వెళ్ళి, లాబ్‌లో అమ్మోనియా సీసా మూత తీసి, పిల్లలకు నేర్పినట్టే చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుంది. ముక్కు లోపల సూదులు గుచ్చినట్టయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అంతే. వాసన లేదు.

"కొన్ని జ్వరాల తర్వాత ఇలా అవుతుందమ్మా. తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. ఓపిక పట్టాలి" అన్నాడు డాక్టరు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉండేది ఒంటరిగా, మేడమీద రెండు గదుల్లో. ఉన్న ఒక్క అక్కా వేరే ఊళ్ళో ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేస్తుంది. "ఒంట్లో ఎలా ఉందే?" అంటే "బాగానే ఉందక్కా" అనేది. కాలో చెయ్యో విరిగితే చెప్పుకోవచ్చు. వాసన రావడం లేదని చెబితే ఎవరైనా ముందు నవ్వుతారని ఆమె భయం.

అన్నం తింటుంటే వేడిగా ఉందని తెలిసేది, ఉప్పగా ఉందని తెలిసేది, ఏం తింటున్నదీ తెలిసేది కాదు. బయటికి వెళ్ళబోతూ గ్యాస్ కట్టేశానా లేదా అని మెట్లు దిగి మళ్ళీ ఎక్కేది. వీటికి ఎలాగో అలవాటు పడింది. అలవాటు పడలేనిది ఇంకొకటి మొదలైంది. తన దగ్గర చెమట వాసన వస్తోందేమో, కట్టుకున్న చీర సరిగ్గా ఆరలేదేమో, నోరు వాసన కొడుతోందేమో! తనకు తెలిసే దారి లేదు. సాయంత్రం ఇంటికి రాగానే మళ్ళీ స్నానం చేసేది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరి క్యారేజీలు విప్పుకుంటారు. ఆమె తన డబ్బా తీసుకుని కిటికీ పక్కకు మారిపోయింది.

"అక్కడెందుకండీ, ఇలా రండి" అని లెక్కల మేడమ్ పిలిచింది.

"గాలి బాగా వస్తోందండీ" అంది.

పిలవగా పిలవగా వాళ్ళకూ విసుగొచ్చి మానేశారు. ఒకరోజు ఆమె లోపలికి అడుగు పెట్టబోతుంటే, "జ్వరం తగ్గాక మనిషే మారిపోయింది. మనమంటే లెక్కే లేదు" అంటోంది ఎవరో. ఆమె గుమ్మంలోంచే వెనక్కి తిరిగి లాబ్‌లో కూర్చుని తినేసింది. ఆ తర్వాత అదే అలవాటైంది.

ఇంతలో ఎనిమిదో తరగతికి కెమిస్ట్రీలో కణాల పాఠం వచ్చింది. పదార్థం కంటికి కనిపించనంత చిన్న కణాలతో తయారైందనీ, అవి ఊరికే ఉండవనీ, కదులుతూ ఒకదాని మధ్యలోకి ఒకటి చొరబడతాయనీ చెప్పాలి. దాన్ని వ్యాపనం అంటారు. ఏటా ఈ పాఠానికి ఆమె లాబ్ బీరువాలోని చిన్న సీసాలో దాచిన సెంటు తెచ్చేది. కిటికీలు మూయించి మూత తీస్తే, వాసన తగిలినవాళ్ళు చెయ్యెత్తాలి. ముందు వరసలో చేతులు లేచేవి, తర్వాత రెండో వరస, చివరికి గోడ పక్కన కునికేవాడు కూడా. పిల్లలకు ఎంతో సరదా.

ఆ రోజు కూడా కిటికీలు మూయించింది. మూత తీసింది. అలవాటుగా సీసాను ముక్కు దగ్గరికి తెచ్చి, "అబ్బ, ఎంత ఘాటుగా ఉందో! దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు ముందు తెలిసింది. ఇక మీ వంతు" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

కాసేపు చూసింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏంటర్రా, నాతో వేళాకోళమా? ముందు వరస! మీకూ రావడం లేదూ?"

ముందు బెంచీ అమ్మాయి భయం భయంగా లేచింది. "రావడం లేదు టీచర్... అందులో ఉన్నవి నీళ్ళేమో టీచర్."

సెలవుల్లో లాబ్ అటెండరు బీరువాలోని చిన్న సీసాలు కడిగి స్వేదనజలం పోసి పెట్టి ఉంటాడని ఆమెకు అప్పుడు తట్టింది. ఘాటుగా ఉందని తనే అన్న మాట అందరికీ గుర్తుంది.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. "టీచర్, మీకు వాసన తెలియదా?"

పడిశం పట్టిందని చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలియదమ్మా," అంది. "జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియడం లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆమె కిటికీలు తెరిపించి, గాజు గ్లాసులో నీళ్ళు తెప్పించి, అందులో పర్మాంగనేట్ పలుకొకటి వేసింది. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. అడుగున ఊదారంగు తీగలా సాగి, మెల్లమెల్లగా పైకి పాకింది. "ఎవరూ కలపకుండానే ఎలా పాకుతోంది టీచర్?" అని అడిగాడొకడు. ఆమె పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి సంగతి బడంతా తెలిసిపోయింది. లెక్కల మేడమ్ క్యారేజీ పట్టుకుని లాబ్‌కు వచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెబితే ఏం పోయిందండీ? మా మీద అలిగారనుకున్నాం."

"నా దగ్గర వాసనేదైనా వస్తుందేమోనని..." అంది ఆమె, తల వంచుకుని.

లెక్కల మేడమ్ ముందుకు వంగి, ఏ మొహమాటమూ లేకుండా ఆమె భుజం దగ్గర గట్టిగా గాలి పీల్చింది. "సబ్బు. చాక్‌పీసు పొడి. సబ్బే కాస్త ఎక్కువైంది. రోజుకెన్నిసార్లు రుద్దుకుంటున్నారేంటి?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మర్నాటి నుంచి పెద్ద బల్ల దగ్గరే కూర్చుంది. అయితే వాళ్ళు ఒకరి కూర ఒకరు వాసన చూసి మెచ్చుకుంటుంటే, తెలియని భాషలో మాటలు వింటున్నట్టు మధ్యలో నవ్వుతూ ఉండిపోయేది.

వాసన తిరిగి రాలేదు.

ఆ ఆదివారం అక్కకు తనే ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎలా ఉన్నావే?" అంది అక్క.

ఆమె మాట మార్చింది. "ఇప్పుడేం చేస్తున్నావక్కా?" అంది.

"ఉల్లిపాయలు వేయిస్తున్నా."

"వాసన ఎలా ఉందో చెప్పవా?"

"ఎలా ఉంటుందే... ఉల్లిపాయల్లా ఉంటుంది" అని అక్క తడబడింది. "కొంచెం తియ్యగా... అబ్బ, నాకు చెప్పడం చేతకాదే. ఉండు, మాడిపోతున్నాయి!"

అక్క ఫోన్ గట్టు మీద పెట్టేసినట్టుంది. గరిట బాణలికి తగులుతోంది, నూనె చిటపటమంటోంది. అక్క మళ్ళీ ఫోన్ అందుకునేదాకా ఆమె తన ఖాళీ వంటగదిలో నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.