రాని చట్టం కోసం తవ్విన చెరువులు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మోసపోయామనుకోవద్దు. నాకు పర్యావరణం మీద పెద్ద ప్రేమేమీ లేదు. వానపాములంటే జలదరింపు. చెట్టు కింద కూచుంటే చీమలు కుడతాయి. పచ్చటి పొలాలు రైలు కిటికీలోంచి బాగానే ఉంటాయి, దిగి నడవమంటే చెప్పులు బురదలో ఉండిపోతాయి. ఏ బిల్లు అసెంబ్లీలో ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ ఇన్నాళ్లు గడిపానంటే అది భూమి మీద భక్తి కాదు. వేరే పని లేక.

అది 2008. బాపట్లలో ఇంజనీరింగు అయిపోయింది. క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటరు లామినేషన్ కూడా చేయించాను. చేరే తేదీ మాత్రం రాలేదు. మెయిలు పెడితే 'మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా' అని జవాబు మొదలయ్యేది. తర్వాత్తర్వాత ఆ మాట దగ్గరే చదవడం ఆపేసేదాన్ని. తెనాలిలో మా అన్నయ్య ఫహీంకి ఇంటర్నెట్ సెంటరుంది. ఇంట్లో కూచుని అమ్మీ నిట్టూర్పులు వినడం కన్నా అక్కడ కౌంటర్లో కూచోవడం నయమనిపించింది.

కృపమ్మగారు ఆ కౌంటరు దగ్గరికే వచ్చారు. రిటైరైన టీచరు. రేపల్లె దాటాక ఆటోలో ఇంకో అరగంట పోతే వాళ్ల ఊరు. భుజాన గుడ్డ సంచి, అందులోంచి జాగ్రత్తగా మడతపెట్టిన పేపరు ముక్క తీశారు.

"అమ్మాయ్, ఈ బిల్లు నాకు మొత్తం కావాలి."

"బిల్లులు ఇక్కడ కట్టించుకోమండి. ఈసేవకి వెళ్లండి."

"కరెంటుది కాదమ్మా, అసెంబ్లీది. పేపరువాళ్లు సగమే రాశారు. మిగతా సగంలో ఏముందో చూడాలి."

నాకు ఆవిడ నచ్చేశారు. మా సెంటరుకి సినిమా టికెట్ల కోసం వస్తారు, పరీక్షల రిజల్టుల కోసం వస్తారు. బిల్లులో మిగతా సగం కోసం ఎవరూ రాలేదు. అరగంట వెతికి పట్టుకున్నాను. మా కంప్యూటర్లో ఆ ఫాంటు లేక తెలుగంతా పెట్టెలు పెట్టెలుగా కనిపించింది. ఇంగ్లీషుది ప్రింటు తీసి, ఎదురుగా కూచుని తెలుగులో చెప్పాను. ఆవిడ మధ్యమధ్యలో "ఆ మాట మళ్లీ చదువు" అనేవారు, క్లాసులో అన్నట్టే.

బిల్లులో సంగతి చిన్నదే. వరి పొలం పక్కన రొయ్యల చెరువు తవ్వాలంటే మధ్యలో యాభై మీటర్లు వదలాలి. పక్క రైతు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆవిడకి కావలసింది ఆ రెండు ముక్కలే. ఎందుకంటే ఆవిడకి ఎకరంన్నర మాగాణి ఉంది. వాళ్ల నాన్న చిన్నయ్యగారు బతుకంతా వేరేవాళ్ల పొలాల్లో కూలి చేసి, ఆఖర్న కొనుక్కున్నది. రెండు పొలాల అవతల దాకా చెరువులు వచ్చేశాయి. ఉప్పుకాలువ నుంచి మోటార్లతో నీళ్లు ఎక్కిస్తారు, ఆ ఉప్పు మట్టిలోంచి ఊరుతూ పక్క పొలానికి వస్తుంది. ఒకసారి ఊరిందా, ఇంక వరి మాట మర్చిపోవాలి.

"చట్టం వచ్చేదాకా ఇద్దరు ముగ్గురు ఆగితే చాలు. నా పొలం నిలబడుద్ది," అన్నారు కృపమ్మగారు.

అలా మా సమితి పుట్టింది. సభ్యులం ఇద్దరమే. ప్రతి సోమవారం ఆవిడ పొద్దున్నే రేపల్లె రైలెక్కి తెనాలి వచ్చేవారు. బిల్లు ఎక్కడుందో నేను చూసి చెప్పేదాన్ని. ఎక్కువసార్లు ఉన్నచోటే ఉండేది. హైదరాబాదులో అసెంబ్లీ ఆఫీసుకి ఫోన్లు చేసేదాన్ని, సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టేదాన్ని. ఒకసారి ఆవిడ పొలం మట్టి సంచిలో పోసుకెళ్లి బాపట్ల వ్యవసాయ కాలేజీలో పరీక్ష చేయించాను. బస్సులో పక్కావిడ అది గోరింటాకు పొడా అని అడిగింది. మట్టి బాగానే ఉందని రిపోర్టు వచ్చింది.

"జీతం లేని గవర్నమెంటు ఉద్యోగం దొరికింది దీనికి," అనేది అమ్మీ, వచ్చిన చుట్టాలందరితో.

అప్పటిదాకా ముసాయిదాగానే ఉన్న బిల్లుని డిసెంబరులో సభలో పెట్టారు. ఊళ్లో అందరికీ తెలియాలని కరపత్రం వేద్దామన్నారు కృపమ్మగారు. నేను టైపు చేస్తున్నాను, ఆవిడ వెనక నించుని చూస్తున్నారు.

"పందొమ్మిదో క్లాజు రాయలేదేంటి?"

అందులో ఉన్నది ఇదీ: ఈ చట్టం అమల్లోకి వచ్చేనాటికి తవ్వి ఉన్న చెరువులకి ఈ నిబంధనలు వర్తించవు.

"పేజీ నిండిపోయిందండి. మనకి కావలసినవి మొదటివేగా?"

"అక్షరాలు చిన్నవి చెయ్యి. సగమే రాస్తే పేపరువాళ్లకీ మనకీ తేడా ఏంటి? ఆ మినహాయింపు తీసెయ్యమని అందరూ ఎమ్మెల్యేగారికి కార్డు ముక్క రాయాలని కూడా కలుపు."

కలిపాను. గులాబిరంగు కాగితం మీద అచ్చు వేయించాం. ఆవిడ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి దగ్గర పంచారు, రేషన్ షాపు దగ్గర పంచారు, పాలకేంద్రంలో పెట్టారు. మా సమితి చరిత్రలో మొదటిసారి జనం కాగితాన్ని పకోడీలకి వాడకుండా చదివారు. చాలలేదని జిరాక్సులు తీయించుకున్నారు. పక్క ఊళ్లవాళ్లు కూడా అడిగి పట్టుకెళ్లారు.

"చూశావా? మొత్తం చెప్తే జనం వింటారు," అన్నారు కృపమ్మగారు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూడటం అదే.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఫోను చేశారు. "విను" అని ఫోను దూరంగా పట్టుకున్నట్టున్నారు. పెద్ద ఇంజను రొద.

"ఏంటండీ అది?"

"పొక్లెయిను. నా పొలానికి ఉత్తరం పక్క. దక్షిణం పక్క రేపట. మినుము మొలిచి రెండాకులేసింది సుమయా. దాని మీదే ఎక్కించారు."

వెళ్లి చూశాను. నిన్నమొన్నటి దాకా వరి కోసిన దుబ్బులు, వాటి మధ్య మినుము మొలకలు. ఇప్పుడు మనిషెత్తు మట్టి గట్లు. నన్ను చూడగానే గట్టు మీదున్నవాళ్లు ఆప్యాయంగా దగ్గరికొచ్చారు. కోటయ్యగారని ఒకాయన చొక్కా జేబులోంచి మా గులాబి కాగితం తీశాడు.

"అమ్మాయిగారూ, మీరేగా ఇది రాసింది? బాగా అర్థమయ్యేటట్టు రాశారు. ఇంతకీ చట్టం ఎప్పట్నుంచి?"

"ఇంకా పాసవ్వలేదండి."

"అంటే ఇంకా టైముందంటారు. ఒరే, కంగారు లేదంట, గట్టు సరిగ్గా పొయ్యండి!"

మేం మినహాయింపుని తీసెయ్యమని రాశాం. వాళ్లు దాన్ని ఆఖరి తేదీగా చదువుకున్నారు. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఉన్నట్టు. ఆ రోజునుంచీ నాకు ఫోన్లే ఫోన్లు. "బిల్లు ఏ స్టేజీలో ఉందమ్మా?" "గవర్నరుగారు సంతకం పెట్టడానికి ఎన్నాళ్లు పడుద్ది?" ఒకాయనైతే గెజిటు అంటే ఏంటో నాకే తిరిగి వివరించాడు. పౌరులు శాసనసభ కార్యక్రమాల్ని శ్రద్ధగా గమనించాలని మా కరపత్రం మొదటి వాక్యం. ఇంత శ్రద్ధ మేం ఊహించలేదు.

తూర్పున ఎటూ రోడ్డే, కృపమ్మగారికి ఇంక ఒక్క వైపే మిగిలింది. పడమటి పొలం బసవేశ్వరరావుగారిది. ఈవిడ పొలంలో ఎక్కువైన నీళ్లు, అదే మురుగు, ఆయన పొలంలోంచే పోవాలి. అది కూడా చెరువైతే ఈ ఎకరంన్నరా గిన్నె అడుగే. ఆయన ఇంకా తవ్వలేదు. మిషను దొరక్క వాయిదా పడిందని కొందరు, మనసొప్పక అని కృపమ్మగారు.

ఫిబ్రవరిలో ఎన్నికల ముందు ఆఖరి సమావేశాలు. నేను టీవీ ముందు నుంచి కదల్లేదు. మన బిల్లు పేరు ఎవరూ ఎత్తలేదు. ఆఖరి రోజు సభ ముగిశాక హైదరాబాదుకి ఫోను చేశాను. రోజూ మాట్లాడే ఉద్యోగే ఎత్తాడు. పాపం, నా గొంతు గుర్తుపట్టేవాడు.

"చెరువుల బిల్లేనా అమ్మా? ఎజెండాలో రాలేదు. ఇంక రాదు కూడా. కొత్త సభ వస్తే పాత బిల్లులన్నీ పోయినట్టే."

"మళ్లీ పెడతారా?"

"పెట్టాలనుకుంటే పెడతారు," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "భోంచేశావా అమ్మా?" అని అడిగాడు.

నాకు ఒక పక్క నీరసం, ఒక పక్క ఆశ. చట్టం లేదంటే ఆఖరి తేదీ కూడా లేదుగా. బసవేశ్వరరావుగారికి తొందరే లేదు. మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

ఆయన అరుగు మీద కూచుని కాఫీ తాగుతున్నారు. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేయించారు.

"రండి పంతులమ్మగారూ. ఈ అమ్మాయేనా కాగితం రాసింది? చిన్నపిల్లలా ఉందే."

కృపమ్మగారు నావైపు చూశారు. నేను చెప్పాను. బిల్లు పోయిందని, ఇప్పట్లో చట్టం రాదని, కంగారుపడి తవ్వాల్సిన అవసరమే లేదని. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అంటే యాభై మీటర్లు లేదు?"

"లేదండి."

"సంతకమూ లేదు?"

"లేదండి. అందుకే తొందర…"

"ఆగమ్మా. నాకు అవతల పక్క ఇప్పటికే చెరువొచ్చింది. పోయినేడు ఆ గట్టు పక్కన నాలుగు వరసలు ఎర్రబారినయ్. చట్టమొస్తే నా వరి నిలబడుద్దని ఎదురుచూశా. ఆ వచ్చే చట్టం తవ్వినవాళ్ల జోలికి పోదని మీరే రాశారు. సరే, ఏ సంగతీ తేల్చుకోలేక ఆగా. ఇప్పుడు అసలు చట్టమే లేదంటున్నారు. మరి నా వరిని ఎవరు కాపాడతారండీ? మీరా?"

చట్టం వస్తుందంటే తవ్వారు. చట్టం రాదన్నా తవ్వుతారు. నాకు మూడో వార్త ఏదీ లేదు.

"నా మురుగు ఎటు పోవాలి బసవేశ్వరరావుగారూ?" అన్నారు కృపమ్మగారు.

"దారి వదుల్తానండి. మీ నాన్నగారు మా పొలంలో నాట్లేసిన మనిషి. నేను మర్చిపోలా." ఆ మాట ఆయన మంచి మనసుతోనే అన్నారు. కృపమ్మగారి మొహం మాత్రం గోడలా అయిపోయింది.

చెరువు తవ్వుతూ దారి వదిలారు కూడా. సన్నటి కాలువ. వాన పడితే ఈవిడ నీళ్లు బయటికి పోవడానికి బదులు గట్ల ఊట అందులోంచి లోపలికి వచ్చేది. జూన్‌లో నారు పోస్తే పది రోజులకి కొసలు మాడిపోయాయి. నేను మళ్లీ మట్టి బాపట్ల తీసుకెళ్లాను. కౌంటర్లో ఆయన రిపోర్టు ఇస్తూ, "వరికి కష్టమమ్మా," అన్నాడు.

తర్వాతి సోమవారం కృపమ్మగారు మామూలుగానే తెనాలి వచ్చారు. సంచి కింద పెట్టి, ఫ్యాను కింద కాసేపు కూచున్నారు.

"కౌలుకిచ్చేశాను. బసవేశ్వరరావుగారికే. గట్టు తీసేసి తన చెరువులో కలిపేసుకుంటాడంట."

"ఆ పందొమ్మిదో క్లాజు వదిలేసి ఉండాల్సిందండీ," అన్నాను.

"మళ్లీ వేసినా రాస్తాను," అన్నారావిడ. గట్టిగా కాదు, అలిసిపోయి. "అది చూడు ముందు. కొత్త సభ కూచుందిగా. బిల్లులేమన్నా పెట్టారా?"

"ఇంక ఎందుకండీ? కాపాడుకోడానికి మనకి పొలమేదీ?"

"నీకెప్పుడుందే?"

నవ్వొచ్చింది, కానీ ఆవిడ నవ్వలేదు. సైటు తెరిచాను. ఫహీం అన్నయ్య మా ఇద్దరికీ టీ చెప్పాడు. జాబితాలో చెరువుల బిల్లు లేదు. ఆ వారం లేదు, ఆ తర్వాత వారమూ లేదు. ఆవిడ ఇంకా వస్తూనే ఉన్నారు. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. నా చేరే తేదీ కూడా ఇంకా రాలేదు లెండి.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఇలా జరిగింది మా ఒక్క ఊళ్లోనేనా అని అనుమానం. మీ వైపు కూడా రాకుండానే పని పూర్తిచేసి వెళ్లిపోయిన చట్టమేదైనా ఉందా? దాని కోసం ఎవరైనా ఏదైనా తవ్వారా, నరికారా, పూడ్చారా? ఆపడానికి మీరేం చేశారు, అది ఎటు తిరిగింది? రాయండి. ఉత్తరమైనా సరే, మెయిలైనా సరే. ఓడిపోయిన కథైనా ఫరవాలేదు. సోమవారాలు కృపమ్మగారికి చదివి వినిపిస్తాను. మొత్తం రాయండి మరి, సగం రాస్తే ఆవిడ ఒప్పుకోరు.