లైట్లు వెలిగిన ఫోటో

అటక మీది గోనెసంచి దించాలి. అందులోని క్రిస్మస్ లైట్ల ఉండని హాల్లో పరిచి చిక్కు తియ్యాలి. వెలగని బల్బులు వెతికి మార్చాలి. తెగిన చోట టేపు చుట్టాలి. వచ్చే ఆడపడుచు వాళ్లకి పక్కలు సర్దాలి, వంట చెయ్యాలి. సోమవారం ఆఫీసులో ఇవ్వాల్సిన రిపోర్టు రాయాలి. ఇవన్నీ నావి. నిచ్చెనెక్కి లైట్లు కట్టడం మా ఆయనది. వీధిలో అందరికీ కనిపించే పని అదొక్కటే.

విప్పేదీ ఆయనే. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజుతారు. ఊడొచ్చింది ఊడొచ్చినట్టే సంచిలో కుక్కి కాలితో అదుముతారు. "మెల్లగా చుట్టి పెట్టొచ్చు కదండీ" అంటే, "మళ్లీ ఏడాదికి కదా, అప్పుడు చూసుకుందాంలే" అంటారు. ఆ చూసుకునేది నేను. మా పుట్టింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని, ఆఫీసులో పదిమందికి పని చెప్పేదాన్ని. అక్కడా మా మేనేజరు, "మీ ఆడవాళ్ల వేళ్లకి ఓపికెక్కువ మేడమ్" అంటూ రిసెప్షన్లో పెట్టే చెట్టు లైట్లు నా బల్ల మీదే పడేయించాడు. వేళ్లకి ఓపిక ఉండదు, నొప్పి ఉంటుంది. ఓపిక అన్నది పని తప్పించుకునేవాళ్లు మనకి పెట్టిన ముద్దుపేరు.

ఈసారి చిక్కు తీస్తూనే ఒక మాట చెప్పాను. "ఫోటోలో నేనూ ఉంటాను." ఏటా లైట్లు వెలిగాక ఇంటి ముందు అందరూ నిలబడి దిగే ఫోటో హాల్లో గోడకెక్కుతుంది. తీసేది నేను కాబట్టి ఒక్కదాంట్లోనూ నేను లేను.

"ఉండు, ఎవరొద్దన్నారు?" అని నవ్వారు. ఆడపడుచు ఫోనుకి స్టాండు కూడా తెచ్చింది. "వదినా, ఈసారి నీకు విముక్తి!" అంది.

సాయంత్రం మంచి బట్టలు కట్టుకుని, స్విచ్ వేసి వద్దామని నేను లోపలికి వెళ్లాను. అందరూ మెట్ల మీద నిలబడ్డారు. లైట్లు వెలిగాయి, ఆరాయి. సాకెట్టు వదులు. ప్లగ్గు నొక్కితే వెలుగుతున్నాయి, చెయ్యి తీస్తే పోతున్నాయి.

"అలాగే నొక్కి పట్టుకో. ఫోటో అవగానే వచ్చెయ్యి" బయట్నుంచి మా ఆయన కేకేశారు.

"అయ్యాక వస్తే ఫోటోలో ఎలా ఉంటానండీ?"

"అబ్బా, ఇప్పుడు రాద్ధాంతం చెయ్యకు. లైట్లు లేకపోతే ఫోటో ఎందుకు?"

మామగారు సర్దిచెప్పారు. "పట్టుకోమ్మా. మీ అత్తయ్య ఎన్నేళ్లు పట్టుకుంది! ఒక్కనాడూ నోరెత్తలేదు."

నిరుడు అత్తయ్య పోయింది, లైట్లు కట్టలేదు. అంతకుముందు ఏటా నేను బయట ఫోను పట్టుకుని "అత్తయ్యేరీ?" అని అడిగేదాన్ని. "దానికి ఫోటోలంటే పడదు" అనేవారు మామగారు. ఆవిడ పోయినప్పుడు పేపర్లో వెయ్యడానికి ఒక్క ఫోటో దొరక్క, గుర్తింపు కార్డు మీది మసక బొమ్మని పెద్దది చేయించాం. గోడనిండా మా ఇల్లు ఏటికేడు మెరిసిపోతోంది. అన్నేళ్లూ ఆవిడ ఇక్కడ, ఈ గోడకి ఇవతల, నడుం వంచి, ఈ ప్లగ్గే నొక్కి పట్టుకుని, బయట మా నవ్వులు వింటూ ఉంది.

చెయ్యి వదిలేశాను.

"ఏయ్! ఏమైందీ?" చీకట్లో కేకలు. బయటికొచ్చి మామగారి పక్కన నిలబడ్డాను.

"సాకెట్టు వదులని మీకు ఎప్పట్నుంచి తెలుసు మామయ్యా?"

"మొదట్నుంచీ అంతేనమ్మా. అది పట్టుకునేది కదాని..."

"తియ్యండి ఫోటో" అన్నాను. వీధి దీపం వెలుగులో తీశారు. వెనక ఇల్లు నల్లగా ఉంది. మా ఆయన మొహం మాడిపోయి ఉంది. నేనున్నాను. దాన్నే గోడకి తగిలించాను. దించమని ఎవరూ అనలేదు.

చదివే మీకు ఒక్క మనవి. ఎవరింట్లోనైనా లైట్లు మెరిసే ఫోటో చూస్తే, బాగుందనే ముందు మా అత్తయ్యని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకి ఫోటోలంటే పడదని మామగారు చెప్పారు. ఆవిడ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.