ఒంటికుండ ఆదివారం

ఏం వదినా, విన్నావా, అని పొద్దున్నే కంచె మీదుగా తల పెట్టింది పక్కింటి క్రెసెంజ్, తను చూడలేదట, రొట్టెల బట్టీ దగ్గర అనుకుంటుంటే చెవిన పడిందట, రంపపు మిల్లోళ్ళ పిల్లాడు బళ్ళో లేచి నిలబడి, పోయిన ఒంటికుండ ఆదివారం మా ఇంట్లో పందిమాంసం వేయించుకు తిన్నాం అని చెప్పాడట, తండ్రిని పట్టుకుపోయారట, పిల్లాణ్ణి మాత్రం పార్టీ నడిపే పిల్లల దళం మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టారట, చెప్పాల్సింది చెప్పేసి తన దారిన తను పోయింది, ఇక్కడ నా పొయ్యిలో బాతు వేగుతోంది, ఇవాళా ఒంటికుండ ఆదివారమే, సర్కారు హుకుం, జర్మనీ అంతా ఒక్క కుండలో ఉడికిన పులుసే తాగి అట్లా మిగిలిన చిల్లర పార్టీ డబ్బాలో వెయ్యాలి, ఇవాళే మా చర్చి తిరునాళ్ళు కూడా, తాతల నాటి నుంచీ తిరునాళ్ళంటే బాతే, నేనైతే బఠాణీ పులుసు కాచి ఊరుకుందును, లోరెంజ్ అడిగాడు, ఖైదీల శిబిరం నుంచి వచ్చాక నా మొగుడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, బాతు తినాలనుందే వాల్బుర్గా అని, చొక్కా మీంచే ఎముకలు కనబడతాయి, ఇంకోసారి నీ పేరు వినబడిందా, మళ్ళీ ఇల్లు చూడవు అని సంతకం పెట్టించుకుని వదిలారు, కిటికీలు మూశాను, సందుల్లో తడిగుడ్డలు కుక్కాను, చూసి నవ్వాడు, తిరునాళ్ళ పూట కిటికీలు మూసుకున్న కొంప మనదొక్కటే, వాసన కంటే ఇదే గుప్పున కొడుతుందే పిచ్చిదానా, నిజమే, తీశాను, మళ్ళీ మూశాను.

గుమ్మంలో బూట్ల చప్పుడు, ఎవాల్డ్, నా పదేళ్ళ కొడుకు, దళం వాళ్ళిచ్చిన గోధుమరంగు చొక్కా, పొద్దున ఇస్త్రీ చేసింది నేనే, ముక్కు ఎగబీల్చాడు, చిన్నప్పుడు ఎప్పుడూ కారుతుండే ముక్కు, వంటగుడ్డ అంచుతో తుడిచేదాన్ని, ఇప్పుడు దానివంకే చూస్తూ పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను, ఎవరికోసం మూశాను ఈ కిటికీలు, తొడముక్క వాడి పళ్ళెంలో వేసి, తినరా సిపాయీ, మీ దళంలో ఇట్లాంటిది పెట్టరు, అన్నాడు లోరెంజ్, వాడు చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు, గుటక పడడం కనబడుతూనే ఉంది, రేపు బళ్ళో అడిగితే పులుసు తాగామని చెబుతావు కదూ కన్నా, మీ నాన్నని మళ్ళీ తీసుకుపోతారురా, అన్నాను, బతిమాలుతున్నాను, పదేళ్ళవాణ్ణి, వాడి కళ్ళలో పగ ఉంటుందనుకున్నాను, లేదు, ఒట్టి ఆకలే ఉంది, కాస్త జాలి కూడా ఉంది, పార్టీకి కాదు, పోలీసులకి కాదు, నేను భయపడుతున్నది నా కడుపున పుట్టినవాడికి.

అబద్ధమాడితే చెంప పగలగొడతానన్నది నువ్వే కదమ్మా, అన్నాడు.